కందిచేనుకి నిప్పు

"చేను తగలెడుతున్నాడు! పట్టుకో పరదేశీ, పట్టుకో!"

అనంతరామయ్య పులిహోర చేత్తోనే లేచి అరిచాడు. బండి తోలే పరదేశి పరిగెత్తాడు.

విశాలాక్షి వడ్డన ఆపి తలెత్తింది.

ఎదర మిట్ట మీద కోతకొచ్చిన కందిచేను. దాని గట్టు పొడుగునా ఒక మనిషి కాగడాతో ఉరుకుతున్నాడు. వాడు ఉరికిన చోటల్లా మంట లేస్తోంది.

అనంతరామయ్యది చోడవరంలో గుమాస్తా ఉద్యోగం. పెళ్ళాం విశాలాక్షికీ, ఇద్దరు ఆడపిల్లలకీ రిజర్వు ఫారెస్టు చూపిస్తానని మూడేళ్ళు ఊరించి, ఆ మాఘమాసంలో రేంజరు చేత పర్మిట్టు రాయించుకున్నాడు. తెల్లవారకముందే బండి కట్టించి, రోలుగుంట దాటించి, కొండ కిందికి తీసుకొచ్చాడు. పిల్లలు నెమలిని చూశారు. దుప్పుల్ని చూశారు.

ఇప్పుడు దీన్ని చూస్తున్నారు.

పరదేశి ఆ మనిషిని జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"దాసుని బాబూ. ఆ మూల ఒకటీ ఉండిపోనాది. అంటించేసి వస్తాను, ఒగ్గీండి."

"గవర్నమెంటు అడవికి నిప్పెట్టి, ఇంకా మూల మిగిలిందంటావా? నీకు పర్మిట్టుందా?"

దాసు నవ్వాడు.

"నిప్పుకి పర్మిట్టేటి బాబూ? అది అడిగొస్తదా?"

విశాలాక్షి వైపు తిరిగాడు.

"అమ్మా, పిల్లల్ని బండెక్కించీ. గెడ్డ ఎంటే ఎల్లిపోండి. బేగి."

"నన్నే పొమ్మంటావా?" అనంతరామయ్య జేబులోంచి కాగితం తీసి ఊపాడు. "పర్మిట్టు నాది!"

దాసు ఒక్క విదిలింపు విదిలించాడు. పరదేశి వెల్లకిలా పడ్డాడు.

దాసు మూలకి పరిగెత్తాడు. అంటించాడు. చేనంతా భగ్గుమనేదాకా నిలబడి చూశాడు.

తర్వాత తనంతట తానే తిరిగొచ్చి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

"ఇప్పుడు కట్టు."

పరదేశి పగ్గంతో కట్టాడు. అనంతరామయ్య మీసం సవరించుకున్నాడు.

"రిజర్వులో అడవి కొట్టి చేను వెయ్యడం ఒక నేరం. దానికి నిప్పెట్టడం ఇంకో నేరం. నువ్వెలాగూ దొరికావు. చేను ఎవడిదో చెప్పు, నీకు శిక్ష తగ్గించమంటాను."

"సెప్పను."

"ఏం, ఎందుకు చెప్పవు?"

"సెప్పనంటే సెప్పను. అంత కావలిస్తే ఆ బూడిదనడుగు."

బండి కదిలింది. దాసు వెనక నడిచాడు.

గెడ్డ నీళ్ళ పక్కన మలుపు తిరుగుతుంటే విశాలాక్షి వెనక్కి చూసింది.

కొండకి అవతలి నుంచి మంట వస్తోంది. కొండంత వెడల్పున వస్తోంది. ఎండుగడ్డిని నాక్కుంటూ దిగి, నల్లగా కాలిపోయిన కందిచేను దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క అక్కడే నిలిచిపోయింది.

చేను ఎండి నిలబడి ఉంటే, అది తిన్నగా తమ విస్తళ్ళ మీదికే దిగేది.

"ఏమండీ! ఆ మంట ఇతను పెట్టింది కాదు. నేను వడ్డిస్తున్నప్పుడే కొండ వెనక పొగ చూశాను. మంచు అనుకున్నాను."

"నువ్వూరుకో. అంతా వీడి పనే."

"ఇతను ఆ చేను కాల్చకపోతే మనం..."

"ఊరుకోమన్నానా?"

వెనకనుంచి దాసు అన్నాడు:

"పిల్లలకి నీళ్ళు తాగించమ్మా. పొగ మింగేరు."

ఫారెస్టు గేటు దగ్గర అనంతరామయ్య ఫిర్యాదు రాశాడు. రేంజరు దాసుని జీపెక్కించాడు. విశాలాక్షి నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక తెరిచింది. రెండు రోజులు వాదించింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోమంది. సర్కారుకి రాసింది వెనక్కి రాదన్నాడు భర్త.

మూడో రోజు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే పరదేశిని పిలిచి బండి కట్టమంది.

"బాబుగారికి సెప్పేరా అమ్మా?"

"చెప్పలేదు. చెప్పను. తోలు."

గేటు దగ్గర రేంజరు లేడు. గార్డు బంగార్రాజు ఒక్కడే ఉన్నాడు.

"నా వాంగ్మూలం రాసుకోండి," అంది విశాలాక్షి. "ఆ మనిషి మా ప్రాణాలు కాపాడాడు. చూసినదాన్ని నేను. సంతకం పెడతాను."

"ఇంకేటి లాభమమ్మా? నిన్న కోర్టులో తప్పొప్పీసుకున్నాడు. ఆరు నెల్లేసీసేరు."

విశాలాక్షి ఒక అడుగు ముందుకేసింది.

"పైకోర్టు లేదా? పంట పోగొట్టుకున్న రైతే వచ్చి, నాకు కక్ష లేదు, వదిలెయ్యండంటే వినరా? ఆ రైతు పేరు చెప్పండి."

బంగార్రాజు అటూ ఇటూ చూశాడు.

"పేరు నేను సెప్పనమ్మా. సెప్తే ఆడి నేల లాగీసుకుంటారు. మిట్ట మీదకెల్లండి, మనిషి కనిపిస్తాది."

వెళ్ళింది.

బూడిదలో ఒక ఆడమనిషి కూర్చుని మాడిన కందికాయలు చేటలోకి ఏరుతోంది.

"ఈ చేను మీదేనా అమ్మా?"

"మాదే. అయితే ఏటి? మీరూ పట్టిస్తారా? పట్టించండి, బయమా నాకు?"

"పట్టించడానికి రాలేదు. మీ ఆయన్ని ఒక్కసారి పిలవండి. కాళ్ళు పట్టుకుంటాను. మీ చేను కాల్చిన దాసుని క్షమించానని ఆయన ఒక్క ముక్క చెబితే, నేను ఏ కోర్టుకైనా వెళ్ళి విడిపించుకొస్తాను."

ఆమె కాసేపు విశాలాక్షిని ఎగాదిగా చూసింది. మసి చేతులు చీరకి తుడుచుకుంది.

"మా ఆయన కావాలంటే జైలుకే ఎల్లాల తల్లీ. దాసంటే ఆడే."