పళ్ల డాక్టరుగారి చెవులు

"ఈ రెండూ ఒకదానిమీద ఒకటి ఎవరు పెట్టారు?"

పళ్ల డాక్టరు పెట్టిన కేకకి భార్య వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది.

"నేనేనండీ. భోజనానికి బల్ల ఖాళీ చేయొద్దూ? శుభ్రంగా కవర్లలో పెట్టి పక్కకి జరిపాను. ఏం, విరిగాయా?"

విరగలేదు. అంతకన్నా ఘోరం జరిగింది. ఏది ఏదో తెలియకుండా పోయింది.

ఒకటి ఒరిజినల్. నలభై ఏళ్లనాటి డబ్ రికార్డు. డబ్ అంటే, జమైకావాళ్ల రెగ్గే పాటలోంచి గొంతు తీసేసి, బేసునీ డ్రమ్ముల్నీ ముందుకు తెచ్చి, వాటికి ప్రతిధ్వనులు తగిలించే సంగీతం. ఎప్పుడో మూతపడ్డ ఒక రికార్డుల కొట్టు అటక మీద దాన్ని పట్టుకున్నాడు డాక్టరు. పన్నెండేళ్లుగా బీరువాలో తాళం వేసి దాచాడు. సూది ఆనితే గాడి అరుగుతుందని ఇంతవరకూ ఒక్కసారి కూడా వేసి వినలేదు. పళ్లు అరిగిపోతాయని ఎవరైనా తిండి మానేస్తారా అంటుంది భార్య. ఆ మాట ఆయన వినిపించుకోడు.

రెండోది రీఇష్యూ. అదే రికార్డుని ఎవరో కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్నారు. రికార్డులు సేకరించేవాళ్ల సంఘం పత్రికలో డాక్టరు రీఇష్యూల మీద సమీక్షలు రాస్తాడు. సమీక్ష అనడం మాటవరసకే, ఉతికి ఆరేస్తాడు. పొద్దున పోల్చి చూద్దామని రెండింటినీ బల్లమీద పెట్టగానే క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. ఎవరిదో దవడ వాచిందట. వెళ్లొచ్చేసరికి ఇదీ సంగతి.

రీఇష్యూ చేసినవాళ్లు గట్టివాళ్లే. లేబులు అదే. గాడి చివర గీసిన నంబరు కూడా అచ్చంగా దించేశారు. రికార్డులన్నిటికీ డాక్టరు ఒకేరకం తెల్ల కవర్లు తొడుగుతాడు కనక కవరు చూసి చెప్పే వీలూ లేదు. భూతద్దం పెట్టి చూశాడు. వంటింటి కాటాలో తూచాడు. లాభం లేకపోయింది.

సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు.

"బావా, కొత్తది ఇస్తానన్నావుగా!"

రీఇష్యూని ఇంట్లో ఉంచుకోకూడదన్నది డాక్టరు నియమం. వచ్చినవన్నీ బావమరిదికే పోతాయి. అతనికి వీధి చివర బేకరీ ఉంది. పిండి చేతులతోనే రికార్డులు మారుస్తూ రోజంతా మోగిస్తాడు. ఒరిజినల్ పొరపాటున అక్కడికి చేరిందా, దానికి నూకలు చెల్లినట్టే.

"తేలకపోతే రెండూ ఉంచేసుకోండి, పోయేదేముంది?" అంది భార్య.

"తేడా తెలియక రెండూ దాచుకున్నాడని తెలిస్తే సంఘంలో నా పరువేం కాను? చెవులున్నాయి కదా. రెండూ వేసి వింటాను."

పన్నెండేళ్ల పట్టుదల ఆ పూటకి పక్కన పెట్టి, సూది ఆనించాడు.

మొదటి రికార్డు మోగింది. బేసు దెబ్బకి బల్లమీద చెంచాలు కదిలాయి. డ్రమ్ము మీద పుల్ల తగలడం కూడా విడిగా వినిపించింది. చప్పుడన్నచోట చప్పుడు, నిశ్శబ్దమన్నచోట నిశ్శబ్దం. బావమరిది కాలు దానంతటదే ఆడసాగింది.

"అబ్బ, పక్కగదిలో కూచుని వాయిస్తున్నట్టుందండీ!" అంది భార్య.

డాక్టరు పెదవి విరిచాడు. "మరీ నున్నగా ఉంది. కంప్యూటర్లో వేసి తోమేశారు. కట్టుడు పళ్లే ఇలా మెరుస్తాయి."

రెండోది పెట్టాడు. ముందు చిటపట. తర్వాత కాస్త దూరం నుంచి బేసు. మధ్యలో ఒకచోట టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు. డాక్టరుకి నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది.

"విన్నారా? నలభై ఏళ్ల వయసు ఆ చిటపటలో ఉంది. అసలు పన్ను మీద ఎక్కడో ఒకచోట మరక ఉండి తీరుతుంది."

"నాకైతే మొదటిదే బాగుంది," అంది భార్య.

"అందుకే నువ్వు సమీక్షలు రాయవు."

"నాకూ మొదటిదే నచ్చింది బావా," అన్నాడు బావమరిది.

"అందుకే అది నీకు. పట్టుకెళ్లి నీ ఇష్టం వచ్చినట్టు మోగించుకో."

బావమరిది దాన్ని చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. డాక్టరు రెండోదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, బీరువాలో పెట్టి, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

మధ్యాహ్నం హుషారుగా సమీక్ష రాయడానికి కూర్చున్నాడు. "ఈ రీఇష్యూలో ప్రాణం లేదు. ఒరిజినల్‌ని వింటూ పెరిగిన చెవిని మోసం చేయడం ఎవరి తరమూ కాదు" అని మొదలుపెట్టి ఏకబిగిన రెండు పేజీలు ఉతికాడు. ఇంతలో ఫోను మోగింది.

"బావా, భలే రికార్డిచ్చావు! ఇది నాలుగోసారి వేయడం. బన్నులు కొనడానికొచ్చినవాళ్లు కదలడంలేదనుకో. కాస్త వెన్న అంటుకుందిగాని, తడిగుడ్డ పెట్టి గట్టిగా రుద్దేశాలే."

"ఇంకా గట్టిగా రుద్దు, పోయేదేముంది!" అని డాక్టరు విరగబడి నవ్వాడు.

సమీక్ష పూర్తయింది. ఆఖర్న కంపెనీ పేరు వేయాలి. రీఇష్యూతో వచ్చిన కాగితం పొద్దుటినుంచీ బల్లకిందే పడి ఉంది. అలాంటి కాగితాలన్నీ కంపెనీవాళ్ల సొంత డబ్బా అని ఆయన ఎప్పుడూ చదవడు. వంగి తీశాడు. పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది.

"ఒరిజినల్ టేపులు ఎంత వెతికినా దొరకనందున, ఒక అభిమాని దగ్గరున్న బాగా అరిగిపోయిన కాపీ నుంచి, దాని చిటపటలతో సహా, ఈ రీఇష్యూ తయారుచేశాం."