మోచేతి కేసు

"మా పిల్లకి మోచెయ్యి విరిగితే మీరేమో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు!" ప్లీడరుగారు బల్ల గుద్దారు. టీ కప్పు ఎగిరిపడింది.

ఎముకల డాక్టరమ్మ కప్పు పక్కకు జరిపింది. ఇలాంటి తాటాకు చప్పుళ్ళు ఆవిడకు అలవాటే.

"పాప వేళ్ళు వెచ్చగా ఉన్నాయండీ, నాడి బాగా కొట్టుకుంటోంది. అవి చల్లబడితే ఒక్క క్షణం కూడా ఆగను. కానీ పాప కడుపునిండా అన్నం తిని ఉయ్యాల మీంచి పడింది. ఇప్పుడు మత్తిస్తే, వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణానికే ముప్పు. సాయంత్రం ఆపరేషన్ చేద్దాం. అందాకా పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకండి."

"అన్నీ సాకులు! ఈ ఆలస్యానికి బాధ్యులెవరో కోర్టులో తేలుస్తా."

ప్లీడరుగారికి వైద్యం ఓనమాలు కూడా రావు. తెలియని విషయం మీద గంటసేపు వాదించగలగడమే మరి ఆయనకు కూడు పెడుతున్న విద్య.

వార్డులో పాప ఆకలని ఏడుస్తోంది. చూడలేక అమ్మమ్మ పాలగ్లాసు తీయబోయింది. ప్లీడరుగారు లాక్కున్నారు.

"మీ గారాబంతో పిల్లని చంపుతారా అత్తయ్యా? వెళ్ళి బయట కూర్చోండి!"

ఆ ముసలావిడ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. ప్లీడరుగారు తలుపు వేసుకుని మంచం పక్కనే కాపలా కూర్చున్నారు. డాక్టరమ్మకు ముచ్చటేసింది. నోరు పెద్దదైనా మనిషికి బాధ్యత ఉందనుకుంది, పాపం.

సాయంత్రం పాపను థియేటర్ గుమ్మం దాకా తెచ్చారు. మత్తు డాక్టరు సూది సిద్ధం చేసుకున్నాడు.

"ఇంకా దేనికి ఆగారు?" ప్లీడరుగారు మళ్ళీ అందుకున్నారు. "గదిలోకి చీమను కూడా రానివ్వలేదు నేను. ఇక మీకు వంకల్లేవు!"

"ఒక్క మాట అడిగి తీసుకెళ్తాను." డాక్టరమ్మ పాప మీదికి వంగింది. "ఆసుపత్రికొచ్చాక ఏమైనా తిన్నావా తల్లీ?"

పాప నాన్న వైపు చూసింది. ఆయన చిన్నగా తల ఊపారు. పాప బడిలో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది.

"ఏమీ తినలేదు. మా నాన్న నాకు కేకు పెట్టనేలేదు."