ఏడో పాటపెట్టె

లక్ష్మీపూర్‌లో అమ్మన్నమ్మ ఇంటి అరుగు మీద, గున్నయ్యకు ఎప్పుడూ టీ ఇచ్చే ఇత్తడి గ్లాసు ఆ పూట ఎవరో ముసలాయన చేతిలో ఉంది.

అది గున్నయ్యకు నచ్చలేదు.

తాళం తిప్పితే లోపలి ఇత్తడి చక్రాలు తిరిగి ఒక పాట పలికే పాత పాటపెట్టెలు కొని అమ్మడంలో రాయగడ నుంచి బోరిగుమ్మ దాకా తనంతవాడు లేడని అతని నమ్మకం. మూత తియ్యకుండా, వాసన చూసి ఏ పాట పలుకుతుందో చెప్పేస్తాననేవాడు. వినేవాళ్లు మీసాల చాటున నవ్వుకునేవాళ్లు.

అతనికి నిజంగా తెలిసిన కిటుకు ఒక్కటే. కొన్ని పెట్టెల్లో చక్రాల కింద రెండు వేళ్ల వెడల్పున ఎర్రగుడ్డ ముక్క పరిచి ఉండేది. అది ఉన్న పెట్టె ఎన్నేళ్లయినా గొంతు పోగొట్టుకోదు. ఎవరో కలకత్తా దొర చేతి పనితనమని గున్నయ్య కథ. ఆ దొర మీసం ఎన్ని అంగుళాలో కూడా చెప్పేవాడు.

అమ్మన్నమ్మ మొగుడు, గున్నయ్యకు బాబాయి వరస, పోతూ పోతూ ఏడు పాటపెట్టెలు వదిలిపోయాడు. విశాఖపట్నం వ్యాపారి గణపతిరావు ఏడూ పలికితేనే కొంటానని, ఒక్కటి మూగబోయినా ఒక్కటీ వద్దని గున్నయ్యకు కబురు పెట్టాడు. రాయగడలో సొంత కొట్టు తెరవాలన్న పదేళ్ల ఆశ ఆ బేరంతో తీరుతుందని గున్నయ్య లెక్క.

"మీ బాబాయి బొయిపరిగుడలో ఉన్నప్పటి మనిషంట. ఓపాలి సూడనీ. ఆనక నీకిస్తాను" అంది అమ్మన్నమ్మ.

"ఒక్క పెట్టె సూస్తే సాలమ్మా" అన్నాడు ముసలాయన.

గున్నయ్య ఆమెను పెరట్లోకి పిలిచాడు. బోరిగుమ్మలో ఇలాంటివాడే ఒకడు చూస్తానని కూర్చుని, ఇత్తడి చక్రాలు విప్పి పంచెలో మూటగట్టుకుపోయాడని అప్పటికప్పుడు అల్లి చెప్పాడు. ఒంటరి మనిషి, ఆమె బెదిరింది.

పెట్టెలు అమ్మేశానని ముసలాయనతో చెప్పి పంపేసింది.

రంగు తెలియనంతగా మాసిన, నల్లచారల అంచు తువ్వాలు భుజాన వేసుకుని ఆయన లేచాడు. అది సగమే ఉంది.

"మిగతాది ఎలకలు తినేసేయా తాతా?" అన్నాడు గున్నయ్య.

ముసలాయన నవ్వి, బస్సు వైపు నడిచాడు.

వారం తిరిగేసరికి రాయగడలో గణపతిరావు ముందు ఆరు పెట్టెలు చక్కగా పలికాయి. ఏడోది పాట రాక, చక్రాల పళ్లు కొరికింది.

గణపతిరావు చెప్పులు తొడుక్కుని రైలుకు వెళ్లిపోయాడు.

గున్నయ్య అప్పుడు మొదటిసారి మూతలు తీసి చూశాడు. ఆరింటిలో ఎర్రగుడ్డ ఉంది. ఏడో దానిలో లేదు.

మర్నాడే లక్ష్మీపూర్ పరుగెత్తాడు.

"పిన్నమ్మా, బాబాయి పెట్టెలు బాగుసేసిన దొర ఎక్కడుంటాడు?"

"దొరేటి? ఏ దొరా మన గుమ్మం తొక్కనేదు" అని నవ్వి, ఆమె లోపల్నుంచి చిన్న మూట తెచ్చింది. "ఆ తాత అరుగు మీద మర్సిపోయేడు. నీకెక్కడైనా కనిపిస్తే ఇచ్చెయ్యి. పేరూ ఊరూ నానడగనేదు."

గున్నయ్య ముడి విప్పాడు.

లోపల రెండు వేళ్ల వెడల్పున ఎర్రగుడ్డ ముక్క ఉంది, శుభ్రంగా ఉతికి, ఒక పక్క ఆ తాత సగం తువ్వాలుకున్న నల్లచారల అంచుతో.