పదకొండు కాగితాలు

వ్యాను మూడో మలుపు తిరుగుతుండగా మెడల్ తన చేతిలోని పుస్తకం టపీమని మూసింది.

"కాసేపు ఆ మాటలు ఆపుతారా?" అంది డ్రైవర్‌తో.

వెనక సీట్లలో పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. వ్యాను హారన్‌కి జలుబు చేస్తే ఎలా మోగుతుందన్నది అంతదాకా వాళ్ల తగువు. ఆ చిక్కుముడి వేసింది డ్రైవరే.

మెడల్ అసలు పేరు అది కాదు. ఎం.ఏ.లో బంగారు పతకం కొట్టింది కాబట్టి తోటివాళ్లు అలా పిలిచేవారు. పిల్లల ఊహని చదువులోకి ఎలా తీసుకురావాలా అని పరిశోధించే బృందం ఒకటుంది యూనివర్సిటీలో. ఆ ఏడు అందులో కొత్తగా చేరిన నలుగురిలో ఆమె ఒకతె. ఏడాదిపాటు కొండ మీది బడికి వెళ్లి పిల్లల్ని గమనించడం వాళ్ల పని. కింది నుంచి పైకి వెళ్లడానికి బడి వ్యానే దిక్కు.

డ్రైవర్ అద్దంలోంచి ఆమెను చూశాడు. యాభై దాటిన మనిషి. పిల్లలు బండి తాత అంటారు.

"ఘాట్ రోడ్డమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఊరికే కూర్చుంటే వీళ్లకి కడుపులో తిప్పుతుంది. ఏదో ఒక ఆలోచనలో పడ్డారనుకోండి, మలుపులు తెలియవు."

"నేను చదువుకునేది కూడా వీళ్ల కోసమే."

ఆయన గేరు మార్చి రోడ్డు వైపు తిరిగాడు.

ఆ వారమే బడిలో మొదటి పరీక్ష పెట్టారు. అయిదో తరగతి పిల్లలు అరవై నలుగురి ముందు గుడ్డ లేని గొడుగు ఒకటి నిలబెట్టి, దాని గురించి తోచింది రాయమన్నారు.

చాలామంది గొడుగు పాడైందని రాశారు. బాగు చేయించాలని రాశారు.

పదకొండు కాగితాలు మాత్రం వేరుగా ఉన్నాయి. 'వాన దీన్ని చూసి, పాపం బట్టలు మార్చుకుంటోందని పక్కకి తిరిగింది' అని రాసింది ఒక చెయ్యి. ఇంకొకటి, 'దీని కింద నిలబడితే ఆకాశమే గొడుగు' అంది.

వాటిని చదివి ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో ఇలాంటివి తన చేతికి రాలేదన్నారు. రాసింది ఎవరో తెలియదు. పరిశోధన పూర్తయ్యేదాకా కాగితాల మీద పిల్లల పేర్లుండవు, నంబర్లే. క్లాసు టీచరు ఎవరో కనుక్కుని, కాగితాల అడుగున 'బోధించినవారు' అన్న గడిలో ఆవిడ పేరు రాసి, ఆవిడ పాఠాలన్నీ రికార్డు చెయ్యమని నలుగురికీ చెప్పారు.

వ్యానులో మాత్రం గోల తగ్గలేదు. బండి తాత నోరు కట్టేసుకున్నా పిల్లలు ఊరుకునేవారు కాదు. మబ్బుకి చెప్పులు కొనాలంటే ఏ సైజు అడగాలో తేలాల్సిందేనని ఆయన భుజం గుంజేవారు. మెడల్‌కి పేజీ ముందుకి కదిలేది కాదు. చివరికి బడికి ఒక ఉత్తరం రాసింది. డ్రైవర్‌కి మాటలెక్కువ, ఘాట్ రోడ్డు మీద దృష్టి తక్కువ, పిల్లల క్షేమం దృష్ట్యా చర్య తీసుకోవాలి అని. మిగతా ముగ్గురూ సంతకాలు చేశారు.

పిల్లల క్షేమం అన్నాక బడివాళ్లు మాత్రం ఏం చేస్తారు? పదిరోజుల్లో కొత్త డ్రైవర్ వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. మూడో మలుపు దాటేసరికి పిల్లలు వాంతులు మొదలుపెట్టారు. ఆఫీసు గుమాస్తా వ్యానులో ప్లాస్టిక్ కవర్ల కట్ట ఒకటి వేలాడదీయించాడు.

మెడల్ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, తెచ్చుకున్న పుస్తకాలన్నీ పూర్తి చేసింది.

ఏడాది చివర రెండో పరీక్ష పెట్టారు. ఈసారి చెవి లేని తాళం.

ఆ పదకొండు నంబర్ల కోసం ప్రొఫెసర్ ఆత్రంగా వెతికారు. 'ఇనుపది. పాతది. తుప్పు పట్టింది.' పదకొండూ ఇంచుమించు అలాగే ఉన్నాయి.

ఏం మారిందని అడిగారాయన. అదే టీచరు, అవే పాఠాలు, అదే గది. నాలుగు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు. ఇక పేర్లు విప్పి చూడమన్నారు.

మెడల్ నంబర్ల జాబితా పట్టుకుని బడి ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా రిజిస్టరు తెరిచి ఒక్కో నంబరుకీ పేరు చదువుతూ పోయాడు. నాలుగో పేరు దగ్గరే ఆమె కలం ఆగిపోయింది. అన్నీ తెలిసిన ముఖాలే, రోజూ తన వెనక సీట్లలో కూర్చున్నవే.

"ఇందులో కొండ మీద ఉండే పిల్లలు ఎవరూ లేరా?" అని అడిగింది.

"ఒక్కరూ లేరండీ. వాళ్లు నడిచొస్తారు కదా. వీళ్లంతా పాత డ్రైవర్ బండి పిల్లలు. ఒకటో తరగతి నుంచీ ఆయన దగ్గరే."

ఆయన ఇప్పుడు సిమెంటు లారీ మీద వెళ్తున్నాడట, ఇంటికి నెలకోసారి వస్తాడట. గుమాస్తా నంబరు ఇచ్చాడు. మెడల్ వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. తనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు. ఆ గొంతులో నిష్ఠూరం ఏమైనా ఉందేమోనని ఆమె చెవులు రిక్కించింది.

"పిల్లలకి వాంతులు కావడం లేదు కదమ్మా?" అన్నాడాయన.

ఆమె తప్పు చేశామని, మళ్లీ రావాలని, యూనివర్సిటీలో మీతో మాట్లాడాలనుకుంటున్నారని ఏదేదో చెప్పింది. ఆయన నవ్వాడు. లోడు మీదున్నానని, వచ్చే నెల చూద్దామని అన్నాడు. తను పెద్దగా చదువుకోలేదని, యూనివర్సిటీలో మాట్లాడేంత సంగతులు తన దగ్గర ఏముంటాయని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం ప్రొఫెసర్ ఎదురుగానే మెడల్ మొదటి పదకొండు కాగితాలూ ముందేసుకుని, ప్రతిదాని అడుగునా 'బోధించినవారు' అన్న గడిలో ఉన్న టీచరు పేరు కొట్టేసి, ఆ డ్రైవర్ పేరు రాసింది.