సావధాన్

"రూతూ, చెయ్యి వదలకు!"

హాస్టలు వార్డెనైన భార్య చెయ్యి పట్టుకుని, చర్చి వరండాలో స్కేట్‌బోర్డు ఎక్కాడు డ్రిల్లు మాస్టారు మత్తయి. హాస్టలుకి పార్శిల్లో వచ్చిన ఆ చక్రాల చెక్క నడపడం సోమవారం నుంచి పిల్లలకి నేర్పేస్తానని పాస్టరుగారికి మాటిచ్చేశాడు. తను ఎక్కడం మాత్రం ఇవాళే మొదలు.

చెక్క జారింది. మాస్టారు చతికిలబడ్డాడు. నోట్లో ఉన్న ఈల కుయ్యిమంది.

"తెనాలి పోటీలన్నిటికీ ఈల ఊదినవాణ్ణి, చెక్కముక్క పడేసిందే!"

"మడమలు రెండూ అంటించి నిలబడితే పడక ఏం చేస్తారండీ?"

"సావధాన్‌లో ఉండొద్దా మరి?"

"వద్దండి. మళ్ళీ ఎక్కండి. విశ్రామ్!"

మళ్ళీ బోర్డెక్కిన అతని కాళ్ళు, ఆ మాట చెవిన పడగానే వాటంతటవే ఎడంగా జరిగాయి. ఒళ్ళు సడలింది. బోర్డు వరండా చివరిదాకా సాఫీగా సాగింది.

"అబ్బ! ఎంత హాయిగా ఉందే!"

"పిల్లలకీ ఆ హాయి కావాలండి. ఎండలో సావధాన్ అని నిలబెట్టి, రెండోమాట మర్చిపోయి టీకి వెళ్ళిపోతారు మీరు. నేను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉంటా."

మత్తయి నోట్లోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆ రెండోమాట ఇంకోసారి చెప్పు రూతూ. సోమవారానికి నాకూ నోరు తిరగాలి."