కుందేలు కాలి గాజుపూస

అడవిలో పరుగుపందెం ఎప్పుడూ జింకే గెలిచేది. గెలిచి గట్టెక్కి నిలబడితే దాని కాలికి కట్టిన గాజుపూస తళతళా మెరిసేది. అలాంటి పూసలే కాకి అమ్ముతుండేది.

పిల్ల కోసం దాచిన వేరుశనగకాయలన్నీ కాకికిచ్చి కుందేలు కూడా ఒక పూస కట్టించుకుంది.

"జింకని చూసి కొన్నావా వదినా?" అని అడిగింది పక్క చెట్టు మీది ఉడత.

"దాన్ని చూసి నేనెందుకు కొంటాను? మెరుపు నచ్చింది, కొనుక్కున్నాను" అంది కుందేలు.

మర్నాడు అది పిల్లతో కలిసి ఎండలో గడ్డి మేస్తుంటే, ఆ మెరుపు పైన తిరుగుతున్న గద్దకి కనిపించింది. కుందేలు పరుగెత్తి బొరియలో దూరింది. పిల్ల అంత దూరం రాలేకపోయింది.

సాయంత్రం పలకరించడానికి జింక వచ్చింది. దాని కాలు బోసిగా ఉంది.

"నీ పూస ఏదమ్మా?" అంది కుందేలు.

"అది కాకిది. నేను గెలిచాక ఊరికే కడుతుంది, అందరూ వెళ్లిపోగానే విప్పుకుపోతుంది. మేతకెళ్లేటప్పుడు అలాంటివి కట్టుకుంటే పులి కంటో గద్ద కంటో పడమూ?" అంది జింక.

కుందేలు తన కాలికేసి చాలాసేపు చూసుకుంది.

"నిన్ను చూసి మాత్రం కొనలేదు" అంది చివరికి.

ఆ మాట జింక అడగనే లేదు.