బర్రె తిన్న రాకుమారుడు

"నా రాకుమారుడేడి?" ఆండాలు కొట్టంలోకొచ్చి అడిగింది.

పాలు పితుకుతున్న ఎల్లయ్యకు ఒళ్లు మండింది. నలభై ఏండ్ల ఆడది, పిల్లల కథల పుస్తకం అద్దెకు తెచ్చుకొని, అందులోని రాకుమారుణ్ని చూసి రోజూ ముసిముసిగా నవ్వుతుంది. మొగుణ్ని చూసి నవ్వి ఎన్నేండ్లయిందో! అందుకే పొద్దున పుస్తకాన్ని గడ్డిలో దాచాడు. బర్రె ఊరుకుంటుందా? చివరి పేజీలన్నీ నమిలేసింది.

"బర్రె తిన్నది," అని మిగిలిన పుస్తకం చూపించాడు.

"అయ్యో! రాకాసి గుహల ఇరుక్కున్నడు. ఎట్ల బయటవడ్డడో!"

మళ్లీ వాడి ఫికరే!

"బయటవడలే. గుహలనే సచ్చిండు. నేను సదివిన."

"మరి రాకుమారి?"

"మన జహనుమా బస్తీ నుంచి ఒక పాలోడు పోయిండు. రాకాసికి చెంబెడు జున్నుపాలు తాపి పండవెట్టిండు. రాకుమారిని సైకిల్ మీద కూసోవెట్టుకొని వచ్చిండు."

ఆండాలు పకపకా నవ్వింది. పుస్తకం ముందు కూడా అంత గట్టిగా నవ్వలేదు.

"నిన్ననే ఆఖరుదాంక సదివిన. గా కథల పాలోడే లేడు."

ఎల్లయ్య తల వంచుకున్నాడు.

ఆండాలు పీట లాక్కొని పక్కనే కూర్చుంది.

"చెప్పు మరి. సైకిల్ మీద యాడికి తీస్కవోయిండు?"